మతిమరుపు జబ్బున్న పెద్దలకు ఆశ్రమం: వెతకడం నుంచి వారం వారం గమనించడం వరకు

"అమ్మను ఇంట్లో చూసుకోలేకపోతున్నాం, కర్నూలులో మంచి చోటు ఉంటే చెప్పండి" అని నెలకు ఇద్దరు ముగ్గురైనా నన్ను అడుగుతారు. అనంతపురం, కడప నుంచి కూడా అడుగుతారు. చోటు పేరు చెప్పడం తేలికే. కానీ ఒకే ఆశ్రమంలో ఒకరి నాన్న కుదురుగా ఉంటే, పక్క మంచం మీదున్న మరొకరి అమ్మ రెండు నెలల్లో చిక్కిపోవడం నేను చూశాను. ఆ కుటుంబం ఎలా సిద్ధమై వెళ్లింది, చేర్చాక ఏ వేళల్లో వెళ్లి చూసింది అన్నదే చాలావరకు ఆ తేడాకు కారణం.

మా అమ్మ డిమెన్షియాతో, అంటే ఈ మతిమరుపు జబ్బుతో, చివరి మూడేళ్లు రెండు కేంద్రాల్లో గడిపింది. మొదటిదాన్ని ఆఫీసు గది, పూలకుండీలు చూసి ఎంచుకున్నాను. ఏడు నెలల తర్వాత అమ్మ నడుము కింద పుండు చూసి మార్చాను. రెండోది పాత భవనం, సున్నం రాలిన గోడలు. అక్కడ అమ్మ చేతులు పట్టుకుని అన్నం తినిపించేవారు ఉన్నారు. కింది దశలు ఆ అనుభవం నుంచి, ఆ తర్వాత కొన్ని కుటుంబాలకు తోడుగా వెళ్లినప్పుడు నేర్చుకున్నదాని నుంచి రాసినవి. ఇదే వరసలో చేయండి.

1. బోర్డు మీది పేరు చూసి పొరబడకండి

మన ఊళ్లలో నర్సింగ్ హోమ్ అంటే కాన్పులు, ఆపరేషన్లు చేసే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. మతిమరుపు జబ్బున్నవారు నెలల తరబడి ఉండే చోటు అది కాదు. మీరు వెతకాల్సినవి మూడు రకాలు.

ఉచిత వృద్ధాశ్రమాలు చాలావరకు తన పనులు తాను చేసుకోగలవారినే చేర్చుకుంటాయి. డబ్బు తీసుకునే వృద్ధుల కేంద్రాల్లో ఆయాలు ఉంటారు, మంచాన పడినవారిని కూడా తీసుకుంటారు, అయితే డిమెన్షియా గురించి తెలిసినవారు ఉంటారన్న హామీ లేదు. డిమెన్షియాకే ప్రత్యేకించిన కేంద్రాలు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు వంటి పెద్ద నగరాల్లో ఉన్నాయి. కర్నూలు నుంచి హైదరాబాద్, అనంతపురం నుంచి బెంగళూరు రెండూ సుమారు 210 కిలోమీటర్లు. కడపవారికి రెండూ ఇంకా దూరమే.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వారానికి రెండుసార్లు మీరు వెళ్లగలిగే ఊళ్లో ఉన్న మామూలు కేంద్రం, నెలకొకసారి మాత్రమే వెళ్లగలిగే పేరున్న కేంద్రం కంటే మేలు. తన కష్టం తాను చెప్పుకోలేని మనిషికి, వచ్చి చూసే కళ్లు దగ్గరలో ఉండాలి.

2. చేర్చే ముందు ఒకసారి పూర్తిగా వైద్య పరీక్ష

ఈ దశను దాటవేసేవారే ఎక్కువ. మతిమరుపుగా కనిపించేదంతా నయం కాని జబ్బు కాదు. బి12 లోపం, థైరాయిడ్ తగ్గడం, ఒంట్లో సోడియం తగ్గడం, దిగులు జబ్బు, ఎప్పుడో పడ్డ దెబ్బకు తలలో గడ్డకట్టిన రక్తం కూడా అలాగే కనిపిస్తాయి. వీటికి వైద్యం ఉంది.

కర్నూలు, అనంతపురం, కడప మూడింటిలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధంగా సర్వజన ఆసుపత్రి ఉంది. అక్కడి మానసిక వైద్య విభాగానికి వెళ్లండి. చిక్కు కేసులైతే మెదడు, మానసిక జబ్బుల కోసం బెంగళూరులో ఉన్న కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రి నిమ్హాన్స్‌కు వెళ్లవచ్చు.

వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసి తీసుకుపోండి. కాగితం మీద రాసుకున్న జాబితాకూ, నిజంగా మింగుతున్నవాటికీ పొంతన ఉండదు. జలుబుకు, దురదకు, నిద్రకు, వణుకుకు, మూత్రం ఆపుకోలేకపోవడానికి ఇచ్చే కొన్ని మందులు మతిమరుపును మరింత పెంచుతాయి. "వీటిలో ఏవి ఆపవచ్చు?" అని డాక్టరును అడగండి.

చేర్చే ముందు చేయించాల్సినవి:

- బి12, థైరాయిడ్, సోడియం, షుగరు, హిమోగ్లోబిన్, కిడ్నీ పరీక్షలు
- డాక్టరు చెబితే తల స్కానింగ్
- కంటి పరీక్ష. శుక్లం ఉంటే, తీయించే వీలుందేమో కంటి డాక్టరుతో మాట్లాడండి. నీడల్ని మనుషులనుకుని భయపడటం కొందరిలో దీనితో తగ్గుతుంది
- చెవిలో గులిమి తీయించడం. "చెప్పింది అర్థం కావడం లేదు" అనుకున్నవారిలో కొందరికి అసలు వినిపించడమే లేదు
- పళ్లు, చిగుళ్లు, కట్టుడు పళ్లు సరిపోతున్నాయో లేదో
- ఇప్పటి బరువు, రక్తపోటు, తేదీతో సహా

3. పరిచయ పత్రం రాయండి

ఈ వ్యాసంలో మీరు ఒక్కటే చేయగలిగితే ఇది చేయండి. ఆయాకు మీ అమ్మ "మూడో మంచం పెద్దావిడ". ఆమె ఎవరో చెప్పే కాగితం లేకపోతే అలాగే ఉండిపోతుంది.

రెండు పేజీలు మించకుండా, పెద్ద అక్షరాల్లో, ఆయాలు చదవగలిగేలా రాయండి. చదవడం రాని ఆయా ఉంటే కూర్చుని చదివి వినిపించండి. ఇవి తప్పకుండా ఉండాలి.

పిలుపు: ఆధార్ కార్డు మీది పేరుకు మా అమ్మ పలికేది కాదు. "జేజీ" అంటే మాత్రం తల తిప్పేది. రిటైరైన ఉపాధ్యాయుడైతే "సార్" అన్న పిలుపుకే లేచి కూర్చోవచ్చు.

భాష: జబ్బు ముదిరేకొద్దీ చాలామందిలో తర్వాత నేర్చుకున్న భాష ముందుగా జారిపోయి, చిన్ననాటి భాష మిగులుతుంది. ఆదోని వైపు కన్నడం ఇంటి భాషగా పెరిగినవారు, కడప, కర్నూలు పాతబస్తీల్లో ఉర్దూ మాట్లాడే ఇళ్లవారు, ఏళ్ల తరబడి తెలుగు మాట్లాడి ఉన్నా చివరికి ఆ భాషలోనే నీళ్లు అడుగుతారు. "నీరు", "పానీ", "ఆకలి", "నొప్పి", "దొడ్డికి" లాంటి పది మాటలు ఆ భాషలో రాసి ఇవ్వండి.

రోజు ఎలా గడిచేది: కోడి కూతకు లేచే రైతు ఆశ్రమంలోనూ నాలుగింటికే లేస్తాడు. అది జబ్బు లక్షణం కాదు, అరవై ఏళ్ల అలవాటు. ఆ సంగతి రాసి ఉంటే నిద్రమాత్ర బదులు గ్లాసు కాఫీ దొరుకుతుంది.

అలవాట్లు: ఆకువక్క, బీడీ, నశ్యం ఏదైనా ఉంటే దాచకండి. ఒక్కసారిగా మానిపిస్తే చిరాకు, వెతుకులాట మొదలవుతాయి. కారణం తెలియనివారు పిచ్చి ముదిరిందనుకుంటారు. శుక్రవారం తలంటు, ఏకాదశి ఉపవాసం, నమాజు వేళలు కూడా రాయండి. షుగరు మాత్రలు వేసుకునేవారికి ఉపవాసం పెట్టవద్దని విడిగా, స్పష్టంగా రాయండి.

చేతి పని: ధర్మవరంలోనో ఎమ్మిగనూరులోనో మగ్గం నేసిన చేతులు ఖాళీగా ఉండలేవు. నూలు ఉండ ఇస్తే చుడతాయి. వేరుశనగ రైతుకు కాయలు ముందు పోస్తే వలుస్తాడు. అయితే మింగడం కష్టమైనవారి దగ్గర గింజలు పెట్టి వదలకూడదు, పక్కన మనిషి కూర్చోవాలి.

భయాలు, ఊరట: ఏ మాటకు కోపం వస్తుంది, చనిపోయిన ఎవరిని అడుగుతారు, ఏ పాటకు శాంతిస్తారు.

4. మూడుసార్లు, మూడు వేళల్లో వెళ్లి చూడండి

ముందుగా చెప్పి వెళ్లే మొదటిసారి మీకు ఆఫీసు కనిపిస్తుంది. రెండోసారి మధ్యాహ్న భోజనం వేళ, మూడోసారి ఆదివారం సాయంత్రం ఆరు తర్వాత వెళ్లండి. పొద్దు వాలే సమయంలో ఈ జబ్బున్నవారిలో చాలామందికి ఆందోళన పెరుగుతుంది, అదే సమయానికి పనివాళ్లు మారతారు. ఒక చోటి పనితనం ఆ గంటలో తెలుస్తుంది. చెప్పకుండా వస్తే లోపలికి రానివ్వం అనే చోటును నేను జాబితాలోంచి తీసేస్తాను.

భోజనం దగ్గర పదిహేను నిమిషాలు కదలకుండా నిలబడండి. తినిపించే మనిషి కూర్చుని ఉందా, నిలబడి ఉందా? ఒక ముద్ద మింగాక రెండోది పెడుతోందా? ఒకే చెంచాతో ముగ్గురికి పెడుతోందా? తినని పళ్లెం అలాగే వెనక్కి పోతోందా, కాసేపు ఆగి మళ్లీ తెస్తున్నారా?

మన ప్రాంతానికి సంబంధించి ఒక ప్రత్యేక జాగ్రత్త. రాగి సంగటిని మనం నమలం, కూరలో అద్ది మింగుతాం. మింగే శక్తి తగ్గినవారికి ఆ జిగట ముద్ద గొంతుకు అడ్డం పడుతుంది. సంగటి ఇష్టమని గట్టి ముద్దే పెట్టే చోట ఈ సంగతి చెప్పి, చిక్కటి జావగా చేసి పెట్టమనండి. రుచి అదే, ప్రమాదం తక్కువ.

తర్వాత స్నానాల గది. గచ్చు జారుతోందా, గోడకు పట్టుకునే కడ్డీలు ఉన్నాయా, తలుపు మూసి స్నానం చేయిస్తున్నారా అన్నవి చూడండి. ఆరుబయట వరసగా కూర్చోబెట్టి గొట్టంతో నీళ్లు కొట్టడం నేను కళ్లారా చూశాను. అలాంటి చోట ఇంకేమీ అడగనక్కరలేదు.

చుట్టూ తిరుగుతూ గమనించాల్సినవి:

- మూత్రం వాసన ఒక మూలన ఉంటే అది ఇప్పటి సంఘటన. భవనమంతా ఉంటే అది పద్ధతి
- పగటిపూట అందరూ మంచాల మీదే ఉన్నారా, ఎందరైనా కుర్చీల్లో, వరండాలో ఉన్నారా
- గోళ్లు, గడ్డాలు, కళ్లద్దాలు శుభ్రంగా ఉన్నాయా, ఎవరి బట్టలు వారివేనా
- చేతికి అందేంత దూరంలో మంచినీళ్లు
- గేటు భద్రంగా ఉందా, లోపల నడవడానికి చోటుందా. దగ్గరలో కాలువ, బావి, హైవే ఉంటే గేటు సంగతి రెండుసార్లు అడగాలి
- రాత్రి మరుగుదొడ్డి దారిలో దీపం, ఎండాకాలం కరెంటు పోతే ఫ్యాన్లకు ఇన్వర్టరు, సొంత బోరు లేదా నీళ్ల ట్యాంకు

5. అడగాల్సిన ప్రశ్నలు

ఎక్కువ ప్రశ్నలు వద్దు. ఇవి చాలు, కానీ జవాబు వచ్చేదాకా వదలకండి.

"రాత్రి పది తర్వాత ఎంతమంది ఉంటారు? మెలకువగా ఎంతమంది?" పగటి లెక్క చెప్పి ఊరుకుంటారు. రాత్రి ముప్పై మందికి ఒకే ఆయా, ఆమె కూడా నిద్రలో ఉంటే, పడ్డ మనిషి తెల్లారేదాకా గచ్చు మీదే ఉంటారు.

"మాత్రలు ఎవరు ఇస్తారు? ఎక్కడ రాస్తారు?" పుస్తకం చూపించమనండి. నెలంతా ఒకే సిరాతో, ఒకే చేతి సంతకంతో ఉంటే అది ఒకేసారి కూర్చుని నింపినది.

"కోపం వచ్చి కొడితే ఏం చేస్తారు?" దీనికి "ఇంజెక్షన్ వేస్తాం", "కట్టేస్తాం" అన్న జవాబు వస్తే లేచి రండి. "ముందు నొప్పి ఉందేమో, మూత్రం వచ్చిందేమో చూస్తాం, కాసేపు ఆగి వేరే మనిషిని పంపుతాం" అనేవారికి పని తెలుసు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 మానసిక ఆరోగ్య కేంద్రాల్లో గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. తక్షణ ప్రమాదాన్ని ఆపడానికి వేరే దారి లేనప్పుడు, మానసిక వైద్యుడి అనుమతితో మాత్రమే మనిషిని కదలకుండా ఆపవచ్చు, శిక్షగా ఎప్పుడూ కాదు. చోటు ఏదైనా ఈ కొలతతోనే చూడండి.

"గత ఏడాదిలో ఎవరైనా పడ్డారా?" లేదంటే నమ్మకండి. ఎక్కడ పడ్డారో, తర్వాత ఏం మార్చారో చెప్పేవారు నిజం చెబుతున్నారు.

"ఆయాలు ఎంతకాలంగా పనిచేస్తున్నారు?" ఇది యజమానిని కాక ఆయాలనే అడగండి. రెండేళ్లకు పైబడి ఉన్నవారు ఇద్దరైనా ఉంటే అది మంచి గుర్తు. ముఖాలు నెలనెలా మారితే జ్ఞాపకం లేనివారికి ప్రతి నెలా కొత్త ఊరే.

6. కాగితాలు, డబ్బు

ఒప్పందం రాతలో ఉండాలి. నెల ఫీజులో డైపర్లు, మందులు, గాలి పరుపు, ఆసుపత్రికి వెళ్తే తోడు ఉండే మనిషి ఖర్చు కలిసి ఉన్నాయో లేదో అడిగి రాయించుకోండి. అడ్వాన్సు ఎప్పుడు, ఎంత తిరిగి ఇస్తారో రాయించండి. సంస్థ రిజిస్ట్రేషన్ కాగితం నకలు తీసుకోండి.

ఆస్తి కాగితాల మీద సంతకం, వేలిముద్ర ఎవరూ తీసుకోకూడదు, కుటుంబంతో సహా. బ్యాంకు కార్డు, పిన్ను ఆశ్రమంలో ఉంచకండి.

కేంద్ర ప్రభుత్వ పింఛను తీసుకునేవారు బతికే ఉన్నారని చూపే జీవన ప్రమాణ పత్రం నవంబరులో ఇవ్వాలి. 80 ఏళ్లు దాటినవారు అక్టోబరు నుంచే ఇవ్వవచ్చు. వేలిముద్రలు అరిగిపోతే ఫోనులో ముఖం చూపించి కూడా చేయవచ్చు. 80 దాటినవారైతే అక్టోబరు మొదటి వారంలోనే, మిగతావారైతే నవంబరు మొదటి వారంలోనే ఈ పని పెట్టుకోండి. ఒకరోజు కుదరకపోయినా మరో రోజు ప్రయత్నించే వీలుంటుంది.

పెద్దవారిని చేర్చి ఫోను నంబరు మార్చుకుని మాయమయ్యేవారు ఉన్నారు. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007 ప్రకారం సంరక్షించాల్సినవారే వృద్ధులను వదిలేయడం నేరం. దానికి మూడు నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు.

7. చేర్చే రోజు, మొదటి నెల

పొద్దున తొమ్మిది, పది మధ్య తీసుకెళ్లండి, సాయంత్రం వద్దు. ముందు రోజే వెళ్లి మంచం సర్దండి. పాత దుప్పటి, వాడిన దిండు, దేవుడి పటం, పేర్లు రాసిన ఫోటోలు పెట్టండి. కొత్త దుప్పటి కొనకండి, పాతదానికి ఇంటి వాసన ఉంటుంది.

దారిలో పెద్ద వివరణలు వద్దు. "నాలుగు రోజులు ఇక్కడ ఉండి వైద్యం చేయించుకుందాం, నేను మళ్లీ వస్తాను" చాలు. భోజనం అయ్యేదాకా ఉండి, తినే ధ్యాసలో ఉన్నప్పుడు ఆయాకు చెప్పి బయటికి రండి.

"పదిహేను రోజులు రాకండి, అలవాటు పడతారు" అని కొన్ని చోట్ల చెబుతారు. నేను ఒప్పుకోను. మొదటి పదిహేను రోజుల్లోనే తిండి తగ్గుతుంది, పడిపోతారు, మందులు తారుమారవుతాయి. రోజు విడిచి రోజు వెళ్లండి, అరగంటే ఉండండి. మిమ్మల్ని చూసి ఏడిస్తే, మీరు రాని రోజు ఏడవలేదని అర్థం కాదు.

చేర్చిన రోజునే ఆయా సమక్షంలో:

- బరువు తూచి రాయడం
- నడుము కింద, మడమలు, తుంట్లు చూసి, ఉన్న మచ్చలు, గాయాలు రాసి ఇద్దరూ సంతకం చేయడం
- బట్టలు, కళ్లద్దాలు, కట్టుడు పళ్ల డబ్బా మీద పేరు
- మెడలో లేదా చేతికి పేరు, ఫోను నంబరు ఉన్న పట్టీ, కొత్త ఫోటో ఒకటి ఆఫీసులో
- బంగారం ఇంటికి

8. ప్రతి వారం మీరే చూడాల్సినవి

వెళ్లగానే "ఎలా ఉన్నావమ్మా" అని కూర్చుని వచ్చేయడం చాలదు. ఒళ్లు చూడాలి.

బరువు. నెలకొకసారి అదే తూకం మీద. నెలలో వందకు ఐదు పాళ్లు, ఆరు నెలల్లో వందకు పది పాళ్లు తగ్గితే ప్రమాద సంకేతం. 50 కిలోల మనిషి నెలలో రెండున్నర కిలోలు తగ్గారంటే డాక్టరును పిలవాలి.

చర్మం. నడుము కింద, తుంట్లు, మడమలు చూడండి. ఎర్రటి చోటును వేలితో నొక్కండి. నొక్కినా ఎరుపు పాలిపోకపోతే అది పుండుకు మొదటి మెట్టు. నల్లని చర్మంపై ఎరుపు కనిపించకపోవచ్చు, అప్పుడు పక్క చోటు కంటే వేడిగా, గట్టిగా ఉందేమో తాకి చూడండి. మంచం మీదే ఉండేవారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. ఎన్నింటికి తిప్పారో రాసే కాగితం మంచానికి వేలాడాలి. మా అమ్మకు మొదటి చోట ఆ కాగితం లేదు. నేను అడగలేదు.

నోరు. నాలుక మీద తెల్లటి పూత, పెదవుల పగుళ్లు, బుగ్గలో దాచుకున్న అన్నం. మింగని మాత్ర కూడా కనిపించవచ్చు.

నీళ్లు, విరేచనం. మూడు రోజులు విరేచనం కాకపోతే కోపం, నిద్రలేమి, తిండి మానేయడం మొదలవుతాయి. ఆయాను సిగ్గుపడకుండా అడగండి. ఏప్రిల్, మే నెలల్లో మన జిల్లాల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఈ జబ్బున్నవారిలో చాలామందికి దాహం తెలియదు, తెలిసినా అడగలేరు. గంటకొకసారి చిన్న గ్లాసు పట్టించాలి. మజ్జిగ, పలుచని అంబలి, దోసకాయ ముక్కలు అన్నీ లెక్కలోకి వస్తాయి. గుండె, కిడ్నీ జబ్బులుంటే ఎంత పట్టించవచ్చో డాక్టరును అడగాలి. మూత్రం ముదురు పసుపుగా ఉంటే నీళ్లు చాలడం లేదని అర్థం.

చేతులు. భుజం కింద, మణికట్టు చుట్టూ వేళ్ల అచ్చుల్లాంటి కమిలిన మచ్చలు ఉంటే ఫోటో తీసి, తేదీ వేసి, ఆ రోజే అడగండి.

నడక. గత వారం నడిచిన మనిషి ఈ వారం కాళ్లు ఈడుస్తుంటే, మగతగా ఉంటే, ముందు మాత్రల పుస్తకం తెరవండి.

9. తరచూ జరిగే తప్పులు, వాటిని సరిచేసే తీరు

"ఇంటికి పోతా" అంటే "ఇదే ఇల్లు" అని వాదించడం. వాదన పెంచితే భయం పెరుగుతుంది. "ఇంట్లో ఎవరున్నారు, ఏం వండుతారు?" అని అడిగితే మాట ఇంటి మీదికి మళ్లుతుంది. చాలాసార్లు ఆ మాటకు అర్థం ఆకలి, అలసట, లేదా దొడ్డికి వెళ్లాలన్న అవసరం.

స్నానానికి బలవంతం చేయడం. ఎదుటి నుంచి వచ్చి, పేరు పిలిచి, నీళ్లు ముందు చేతి మీద పోసి చూపించాలి. ఒంటి మీద తువ్వాలు కప్పే ఉంచి భాగం భాగంగా తడపాలి, తల చివరికి. రోజూ స్నానం తప్పనిసరి కాదు. తడిగుడ్డతో తుడిచిన రోజు కూడా శుభ్రతే. ఆడవారికి ఆడ ఆయానే కావాలని రాసి ఇవ్వండి.

పడుకోబెట్టి తినిపించడం. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, చిన్న ముద్దలు పెట్టాలి. తిన్నాక అరగంట కూర్చోబెట్టాలి. తింటూ దగ్గు, గొంతులో గరగర ఉంటే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతోందేమో అని అనుమానించాలి.

మరుగుదొడ్డికి తీసుకెళ్లగలిగినవారికి డైపర్ వేసి వదిలేయడం. రెండు గంటలకొకసారి, తిన్న వెంటనే ఒకసారి తీసుకెళ్తే ఏళ్ల తరబడి డైపర్ అవసరం రాకపోవచ్చు. మరుగుదొడ్డి తలుపు మీద బొమ్మ అంటించండి.

మత్తు మందులు. ఇది అన్నిటికంటే పెద్ద తప్పు. కోపానికి, భ్రమలకు ఇచ్చే బలమైన మానసిక మందుల వల్ల డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణ ప్రమాదం పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే తీవ్ర హెచ్చరిక జారీ చేసింది. అవి ఎప్పుడూ వద్దని నేను అనను. తన ప్రాణానికో పక్కవారి ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడు, తక్కువ మోతాదులో, కొన్ని వారాలకు అవసరం రావచ్చు. కానీ ఎవరు రాశారు, ఎందుకు, ఎప్పుడు ఆపుతారు అన్న మూడు జవాబులు మీ దగ్గర ఉండాలి. మీకు చెప్పకుండా కొత్త మాత్ర మొదలుపెట్టకూడదని ఒప్పందంలోనే రాయించండి.

నొప్పిని గుర్తించకపోవడం. మాట పోయినవారి నొప్పిని కొలవడానికి పెయినాడ్ అనే పద్ధతి ఉంది. శ్వాస, మూలుగు, ముఖం, ఒంటి బిగువు, ఓదారిస్తే తగ్గుతోందా అనే ఐదింటికి 0 నుంచి 2 వరకు మార్కులు వేస్తారు. మొత్తం పది. ఆయాకు ఇది పది నిమిషాల్లో నేర్పవచ్చు. పక్క మార్చేటప్పుడు కొట్టే మనిషికి మోకాలో తుంటో నొప్పి ఉండవచ్చు. డాక్టరును అడిగి పారాసెటమాల్ ఇచ్చి చూస్తే, పిచ్చి కోపం అనుకున్నది తగ్గిపోవడం నేను చూశాను.

10. ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా మారితే

డిమెన్షియా నెలల మీద ముదురుతుంది. నిన్న మాట్లాడిన మనిషి ఈ రోజు గుర్తుపట్టకపోతే, రాత్రంతా అరిస్తే, లేదా అసాధారణంగా మగతగా పడి ఉంటే, దాన్ని "జబ్బు ముదరడం" అనుకుని వదిలేయకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, నీళ్లు తగ్గడం, మలబద్ధకం, మూత్రం బిగుసుకుపోవడం, పడి తలకు దెబ్బ తగలడం, కొత్త మందు, షుగరు పడిపోవడం: చాలాసార్లు వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఆసుపత్రికి పరిచయ పత్రం, మందుల పుస్తకం వెంట వెళ్లాలి, తెలిసిన మనిషి పక్కన ఉండాలి.

11. లోపం కనిపిస్తే

ముందు ఆ పూట ఉన్న ఆయాతో మర్యాదగా, ఆ తర్వాత నిర్వాహకులతో మాట్లాడండి. మాట్లాడింది అదే రోజు ఫోనులో సందేశంగా పంపండి. "ఈ రోజు ఎడమ మడమ మీద ఎర్రటి మచ్చ చూశాం, రెండు గంటలకొకసారి తిప్పుతామన్నారు" చాలు. ఆయాల మీద అరవకండి. తక్కువ జీతానికి ఎక్కువమందిని చూస్తున్నది వారే, మీరు వెళ్లాక మీ అమ్మ దగ్గర ఉండేది కూడా వారే. పండగకు వారికి కూడా బట్టలు పెట్టండి.

వారంలో మార్పు లేకపోతే:

- 14567 వృద్ధుల సహాయ నంబరు, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు
- కలెక్టరేటులో సోమవారం ప్రజా ఫిర్యాదుల రోజున రాతపూర్వక అర్జీ, రసీదుతో
- జిల్లాలోని విభిన్న ప్రతిభావంతుల, వృద్ధుల సంక్షేమ శాఖ కార్యాలయం
- కొట్టడం, కట్టేయడం, మనిషి కనిపించకపోవడం అయితే వెంటనే 112. తప్పిపోయినవారి విషయంలో ఇంత సమయం ఆగాలన్న నియమం ఏదీ లేదు
- మీకే మనసు కుంగితే 14416 టెలి మానస్

చోటు మార్చడం వారికి కష్టమే. అందుకని చిన్న లోపాలకు మార్చకండి. పుండు, కట్టేయడం, కారణం చెప్పలేని గాయం, చెప్పకుండా మత్తుమందు: ఈ నాలుగింటిలో ఏది కనిపించినా కొత్త చోటు వెతకడం ఆ రోజే మొదలుపెట్టండి.

12. చివరి దశకు ముందే నిర్ణయాలు

మింగడం దాదాపు ఆగిపోయే రోజు వస్తుంది. అప్పుడు ముక్కులో గొట్టం వేద్దామంటారు. ఈ జబ్బు చివరి దశలో గొట్టం వల్ల ఆయుష్షు పెరుగుతుందనడానికి గాని, న్యుమోనియా ఆగుతుందనడానికి గాని ఆధారం లేదు. గొట్టం లాగేయకుండా చాలాచోట్ల చేతులు కట్టేస్తారు. చెంచాతో, ఓపికగా, తిన్నంతే పెట్టడం ఈ దశలో సరైన సంరక్షణ అని వృద్ధుల వైద్య నిపుణులు చెబుతారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ కూర్చుని, డాక్టరు సమక్షంలో ముందే మాట్లాడుకోండి. ఆ సమయం వచ్చాక మాట్లాడుకుంటే, ఎక్కువ భయపడ్డవారి మాటే చెల్లుతుంది.

ఈ నిర్ణయాలు ఒక కాగితం మీద రాసి, పరిచయ పత్రం వెనక పెట్టండి:

- గొట్టం వేయాలా, వద్దా
- ఐసీయూకు తీసుకెళ్లాలా, ఆశ్రమంలోనే నొప్పి తగ్గించే వైద్యం సరిపోతుందా
- ఏ ఆసుపత్రి, ఏ డాక్టరు
- రాత్రి ఎవరికి ముందు ఫోను చేయాలి, వారు ఎత్తకపోతే తర్వాత ఎవరికి
- చనిపోయాక ఏ ఊరికి, ఏ పద్ధతిలో తీసుకెళ్లాలి

ఈ కాగితం ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేయనివ్వకండి. రాత్రి రెండు గంటలకు డ్యూటీలో ఉండే ఆయాకు అది ఎక్కడుందో మీరే చూపించండి, ఒకసారి ఆమె చేతే తీయించి చూడండి.